సాయంత్రానికి మనిషిలో ఎంత మిగులుతుంది

జాతక చక్రంలో పదో ఇల్లు ఉద్యోగానిది. లగ్నం నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఆ ఇంట్లో ఏ గ్రహం ఉందో, ఆ ఇంటి అధిపతి ఎక్కడ కూర్చున్నాడో చూసి, పిల్లవాడికి ప్రభుత్వ కొలువు రాసిపెట్టి ఉందో వ్యాపారం రాసిపెట్టి ఉందో సిద్ధాంతిగారు చెబుతారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్లే ఇవాళ ఫోన్‌లో పదులకొద్దీ ప్రశ్నలకు జవాబులు నొక్కి, చివర్లో వచ్చే నాలుగక్షరాల ఫలితం చూసుకుని, 'నేను ఐ.ఎన్.ఎఫ్.పి. అట, అందుకే ఈ మార్కెటింగ్ ఉద్యోగం నాకు పడటం లేదు' అనుకుంటున్నారు. రాశులు పన్నెండైతే ఈ రకాలు పదహారు. రెంటినీ పక్కపక్కన పెట్టి నవ్వుకోవడం తేలికే కానీ, నవ్వి ఊరుకుంటే అసలు ప్రశ్న అలాగే ఉండిపోతుంది. సిద్ధాంతి దగ్గరికి వెళ్లే తండ్రినీ, ఫోన్‌లో పరీక్ష రాసే కూతురినీ వేధిస్తున్నది ఒకటే సందేహం: ఈ మనిషికి ఈ పని నప్పుతుందా? ఆ సందేహం బూటకం కాదు. స్వభావానికీ వృత్తికీ సంబంధం ఉందనే నేనూ నమ్ముతాను. అయితే ఆ సంబంధం 'ఈ రకం మనిషి ఈ పని చేయగలడు, ఆ రకం మనిషి చేయలేడు' అన్న తీరులో ఉండదు. దాదాపు ఏ స్వభావం ఉన్నవాళ్లయినా దాదాపు ఏ పనైనా నేర్చుకుని చేయగలరు. చేసినందుకు లోపల ఎంత ఖర్చవుతుందన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. పదహారు గళ్ల పట్టికలో ఆ ఖర్చుకు గడి లేదు.

మనిషికి తగిన పనిని లెక్క ప్రకారం వెతకవచ్చన్న ఆలోచనకు నూరేళ్ల పైచిలుకు వయసుంది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన కుర్రాళ్లకు ఉద్యోగ సలహాలిచ్చే కార్యాలయం తెరిచాడు. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పనుల సంగతి తెలుసుకో, ఆపైన రెంటినీ జతపరచు అన్నది ఆయన పద్ధతి. ఆ ఏడాదే ఆయన చనిపోయాడు, ఆయన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. జతపరచడంలోనే కిటుకంతా ఉందన్న ఊహ మాత్రం ఆయనతో పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లి, వాళ్ల స్థానాల్లోకి ఆడవాళ్లు పెద్దసంఖ్యలో వస్తున్నప్పుడు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ అనే గృహిణి ఇవాళ్టి నాలుగక్షరాల పరీక్షకు మూలమైన ప్రశ్నపత్రం తయారు చేయడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ పని హాయిగా ఉంటుందో తేల్చాలన్నది ఆమె ఉద్దేశం. ఆమె తల్లి కేథరిన్ బ్రిగ్స్ ఎన్నో ఏళ్లుగా చేస్తూ వచ్చిన ఆలోచనలూ, స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన గ్రంథమూ దానికి ఆధారం. తల్లీకూతుళ్లలో ఎవరూ మనస్తత్వశాస్త్రం చదివి పట్టా తీసుకున్నవాళ్లు కారు. ఇసబెల్ అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి పోటీలో బహుమతి గెలిచిన రచయిత్రి. పట్టా లేకపోవడం నేరమేమీ కాదు. మనుషులు ఒకరిలా ఒకరు ఎందుకుండరని ఇంట్లోంచే అంత ఓపికగా ఆలోచించడం ముచ్చటైన సంగతే. చిక్కల్లా ఆ తేడాలను కొలిచిన తీరులో ఉంది.

మనుషుల్ని ఐదడుగుల ఆరంగుళాల దగ్గర గీత గీసి పొడుగువాళ్లు, పొట్టివాళ్లు అని రెండు జాతులుగా విడదీస్తే ఎలా ఉంటుంది? గీతకు అటో ఇటో అరంగుళం దూరంలో ఉన్నవాళ్లు, నిజానికి ఒకే ఎత్తు మనుషులు, వేర్వేరు జాతులైపోతారు. ఈ పరీక్ష చేసేది అదే. మాటకారితనం, ముభావం అనే కొలబద్ద మీద ఎక్కువమంది ఉండేది నడుమనే. రెండు కొసల్లో ఉండేది కొద్దిమంది. నడుమ గీత గీయడం వల్ల, ఆ రోజు మనసు కాస్త అటు మొగ్గితే ఒక రకం, ఇటు మొగ్గితే ఇంకో రకం. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినప్పుడు చాలామందికి నాలుగక్షరాల్లో ఒకటైనా మారిపోతున్నదని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. 1991లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నియమించిన కమిటీ, వృత్తి సలహాల్లో ఈ పరీక్షను వాడటానికి చాలినంత గట్టి పరిశోధన లేదని తేల్చింది. దీన్ని అమ్మే సంస్థ సైతం ఉద్యోగాల ఎంపికకు దీన్ని వాడకూడదనే చెబుతుంది. అయినా జనానికి ఇది ఎందుకింత నచ్చుతుందంటే, దానికి 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు చేసిన ప్రయోగంలో జవాబుంది. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదేనంటూ అందరి చేతికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులోని వాక్యాలు చాలావరకు పత్రికల దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి. అది తమకు ఎంత బాగా సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే వచ్చిన సగటు 4.26. సిద్ధాంతిగారి ఇల్లు ఇక్కడికి అంత దూరమేమీ కాదు.

అలాగని స్వభావమే లేదనడం మొండివాదం. ఇద్దరు తోబుట్టువుల్ని పెంచిన ఏ తల్లీ దాన్ని ఒప్పుకోదు, శాస్త్రమూ ఒప్పుకోదు. రకాలుగా కాకుండా మోతాదులుగా కొలిచినప్పుడు మనుషుల తేడాలు ఏళ్ల తరబడి ఓ మేరకు నిలకడగానే కనిపిస్తాయి. 1991లో బ్యారిక్, మౌంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి చూసినప్పుడు, దాదాపు అన్ని వృత్తుల్లోనూ పనితీరుతో ముడిపడిన గుణం ఒక్కటే తేలింది: శ్రద్ధ, అంటే చెప్పిన పని చెప్పిన వేళకు పూర్తిచేసే లక్షణం. మాటకారితనం అమ్మకాల్లోనూ అజమాయిషీ ఉద్యోగాల్లోనూ కొంత పనికొచ్చింది. ఇక పనిమీద ఉండే ఆసక్తికీ తృప్తికీ ముడి ఎంతంటారా? అమెరికా మనోవైజ్ఞానికుడు జాన్ హాలండ్ 1959 నుంచీ వృత్తుల్నీ మనుషుల్నీ ఆరు తరగతులుగా సర్ది, రెండూ కలిస్తే మనిషి సుఖపడతాడని వాదించాడు. దాన్ని పరీక్షించిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ఆ ముడి బలం 0.2 దగ్గర తేలుతుంది. సంబంధమే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనుకోండి. 0.2 అంటే ఒకరి తృప్తికీ మరొకరి తృప్తికీ ఉన్న తేడాలో నూటికి నాలుగు పాళ్లను మాత్రమే ఇది వివరించగలదు. మిగతా తొంభై ఆరు పాళ్లు జీతంలో, పై అధికారిలో, ఆరోగ్యంలో, ఇంటి పరిస్థితుల్లో, ఆఫీసుకు వెళ్లివచ్చే బస్సులో ఎక్కడెక్కడో ఉన్నాయి. నాలుగు పాళ్లు సున్నా కాదని వాదించవచ్చు. నిజమే, కాదు. కానీ జీవితాన్ని దానికి అప్పగించేంత పెద్ద సంఖ్యా కాదు.

అమ్మకాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సేల్స్‌కు గలగలా మాట్లాడేవాళ్లే కావాలన్నది అందరూ ఒప్పుకునే విషయం. 2013లో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు 340 మంది ఫోన్ అమ్మకందార్ల రాబడిని మూడు నెలలపాటు చూశాడు. అందరికన్నా ఎక్కువ అమ్మినవాళ్లు గలగలా మాట్లాడేవాళ్లూ కారు, ముభావులూ కారు, నడుమ ఉన్నవాళ్లు. ఏ పేరూ అతకని ఆ మధ్యస్థులకే నాలుగక్షరాల పట్టికలో చోటు లేదు.

ఇంతవరకు మనిషి వైపు కొలతలు. వృత్తి వైపు లెక్క ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది, దానికి మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన వృత్తినే తీసుకుందాం. ప్రోగ్రామర్ అంటే ఎవరు? మనుషులతో పొసగక, తెరముందు ఒంటరిగా కూర్చుని, లెక్కల చిక్కుముళ్లు విప్పుకుంటూ సంతోషించే మగవాడు. ఈ బొమ్మ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1966లో విలియం కానన్, డాలిస్ పెర్రీ అనే ఇద్దరు మనోవైజ్ఞానికులు అమెరికాలో దాదాపు 1,400 మంది ప్రోగ్రామర్లను ప్రశ్నించి, ఈ పనిలో ఆనందంగా ఉన్నవాళ్ల ఆసక్తులెలా ఉన్నాయో ఒక కొలబద్ద తయారుచేశారు. వాళ్లకు చిక్కుముళ్లంటే ఇష్టం, మనుషులతో దగ్గరగా మసలే పనులంటే అయిష్టం అని తేల్చారు. ఆ ప్రశ్నలకు జవాబులిచ్చినవాళ్లలో అత్యధికులు మగవాళ్లు. ఉద్యోగులు దొరకక అల్లాడుతున్న కంపెనీలకు ఇలాంటి కొలతలు వరంలా కనిపించాయి. వాటితో జల్లెడ పట్టడం మొదలైంది. ముభావుల్ని ఏరి ఏరి తీసుకుంటే కొన్నేళ్లకు ఆ వృత్తి నిండా ముభావులే ఉంటారు. అప్పుడు ఎవరు లెక్కపెట్టినా 'చూశారా, ప్రోగ్రామర్లు ముభావులే' అని తేలుతుంది. ఉన్నదాన్ని కొలవడానికి పుట్టిన పరీక్ష తనకు కావలసినదాన్ని తానే తయారుచేసుకోగలదు.

ఆ బొమ్మ ఎంత తప్పో చూడటానికి దానికి ముందూ వెనకా చూస్తే చాలు. 1945లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌ను లెక్కలకు సిద్ధం చేసినవాళ్లు ఆరుగురు యువతులు. యంత్రం తయారీ మగవాళ్ల పని, దానిచేత లెక్క కట్టించడం గుమాస్తా పనిలాంటిదని అప్పటివాళ్ల అభిప్రాయం. 1967లో కాస్మోపాలిటన్ మాసపత్రిక ప్రోగ్రామింగ్ ఆడవాళ్లకు అచ్చంగా తగిన ఉద్యోగమన్న ధోరణిలో వ్యాసం వేసింది. 1984 ప్రాంతంలో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టా తీసుకున్నవాళ్లలో 37 శాతం దాకా ఆడవాళ్లే. తర్వాతి పాతికేళ్లలో ఆ వాటా సగానికి పడిపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. 'ఇది ఫలానా రకం మనుషుల పని' అన్న బొమ్మ వాటిలో ఒకటి. ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. ఆ తర్వాతి తరంలో మన ఇళ్లలో ఏమనుకున్నారు? సివిల్ ఇంజనీరింగ్ అయితే ఎండలో సైట్ల చుట్టూ తిరగాలి, మెకానికల్ అయితే షాపు ఫ్లోర్‌లో మగవాళ్ల మధ్య నిలబడాలి, కంప్యూటర్ అయితే ఏసీ గదిలో నీడపట్టున కూర్చుని చేసుకునే పని, ఆడపిల్లకు అదే నయం అనుకున్నారు. మన కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ తరగతిలో ఆడపిల్లలు సగానికి దగ్గరగా ఉండటం మామూలు సంగతి. రాసేది అదే కోడ్, కూర్చునేది అలాంటి తెర ముందే. ఒక దేశం ఆ పనికి ముభావపు మగవాడి స్వభావం కావాలంది, ఇంకో దేశం పొందికైన ఆడపిల్ల స్వభావానికి అది నప్పుతుందంది. రెండు చోట్లా 'స్వభావం' అన్న మాట వెనక దాక్కున్నవి వేరే లెక్కలు.

పైగా ఆ పనిలో రోజెలా గడుస్తుందో ఆ రెండు బొమ్మల్లోనూ లేదు. పొద్దున్నే అందరూ నిలబడి ఎవరెంత చేశారో చెప్పుకునే మీటింగు, మధ్యాహ్నం ఒకరి కోడ్ మరొకరు తప్పుపట్టే సమీక్ష, ఇక్కడ రాత్రి ఏడున్నరకు న్యూయార్క్‌లో తెల్లవారి తొమ్మిదో పదో అవుతుంది కనుక అప్పుడు క్లయింటుతో కాల్. మనుషులతో మాట్లాడనవసరం లేదని ఈ ఉద్యోగంలోకి వచ్చిన అబ్బాయి రోజులో సగం మాటలతోనే గడుపుతాడు. అదే కంపెనీలో, అదే హోదాలో, ఎవరి జోలికీ పోకుండా పాత ప్రోగ్రాంలను మరమ్మతు చేస్తూ ఏళ్లు గడిపేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి గుర్తింపు కార్డు మీదా ఉద్యోగం పేరు ఒకటే. వైద్యం చూడండి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వరుసగా రోగుల్ని చూసే డాక్టరుకూ, పరీక్షశాలలో గాజుపలకలు చూసే పాథాలజిస్టుకూ ఉన్న తేడా, ఆ పాథాలజిస్టుకూ ఏ కీటక శాస్త్రవేత్తకో ఉన్న తేడా కంటే ఎక్కువ. వకీళ్లలో కోర్టు హాల్లో గొంతెత్తేవాళ్లున్నారు, జీవితమంతా దస్తావేజులు రాసేవాళ్లున్నారు. 'లాయరు పని నాకు నప్పుతుందా' అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడానికి కారణం అడిగినవాడి స్వభావం తెలియకపోవడం కాదు. లాయరు పని అని ఒక్కటేదీ లేకపోవడం.

చేయగలగడం వేరు, అందుకయ్యే ఖర్చు వేరని మొదట్లో అన్నాను. చేయగలగడానికి మన రాజకీయాల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ఏ పరీక్ష పెట్టినా రాజకీయాలకు పనికిరాడని తేలే మనిషి పి.వి.నరసింహారావు. ముభావి, బహుభాషా పండితుడు, విశ్వనాథ 'వేయిపడగలు'ను హిందీలోకి అనువదించిన సాహిత్యకారుడు, పెద్దవయసులో కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నవాడు. 1991లో ఆయన లోక్‌సభకు పోటీయే చేయలేదు, ఢిల్లీ నుంచి సర్దుకుని వచ్చేయడానికి సిద్ధమవుతున్నాడు. అలాంటి మనిషి ప్రధాని అయి, మొదట్లో సభలో సొంత బలం లేని ప్రభుత్వాన్ని ఐదేళ్లు నడిపాడు. పెదవి విప్పకపోవడం, తొందరపడకపోవడం, తన మనసులో ఏముందో ఎదుటివాడికి అందనీయకపోవడం ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టాయని చెప్పేవాళ్లు చాలామంది. 1992 డిసెంబరులో అయోధ్య విషయంలో ఆయన్ను దోషిగా నిలబెట్టేవాళ్లు వేలెత్తి చూపేదీ ఆ మౌనాన్నే, ఆ జాప్యాన్నే. ఏ గుణాన్నైనా ఉద్యోగం పేరును బట్టి 'పనికొచ్చేది', 'పనికిరానిది' అని ముందే విభజించలేమనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఎదురుగా ఉన్న సందర్భమే ప్రతిసారీ దానికి విలువ కడుతుంది.

ఇక ఖర్చు సంగతి. కెనడా మనోవైజ్ఞానికుడు బ్రయన్ లిటిల్ తన గురించి తానే చెప్పుకున్న కథ ప్రసిద్ధం. ఆయన స్వతహాగా ముభావి, కానీ వేదికెక్కితే విద్యార్థుల్ని ఉర్రూతలూగించే అధ్యాపకుడు. ఒక సైనిక కళాశాలలో ఉపన్యాసమిచ్చాక, భోజనానికి రమ్మంటే, నదిలో పడవలు చూడటమంటే తనకు ఇష్టమని చెప్పి ఒంటరిగా ఒడ్డున తిరిగేవాడు. కళాశాల నది లేని చోటికి మారాక మరుగుదొడ్డిలో తలుపేసుకుని కూర్చునేవాడు. తాను ప్రేమించే పని కోసం మనిషి తనది కాని స్వభావాన్ని కొంతసేపు వేసుకోగలడనీ, దించుకుని ఊపిరి పీల్చుకునే చోటు దొరికినంతకాలం దానివల్ల చెరుపు లేదనీ ఆయన సిద్ధాంతం. చోటు దొరకనివాళ్ల సంగతి 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త రాసింది. విమానాల్లో పనిచేసే అమ్మాయిలను గమనించి, నవ్వును కూడా యాజమాన్యం జీతమిచ్చి కొంటున్నదనీ, గంటల తరబడి రాని నవ్వు తెచ్చుకునేవాళ్లకు చివరికి తమ అసలు భావమేదో తమకే అందకుండా పోతున్నదనీ చెప్పింది. లిటిల్ అధ్యాపకుడు, అలసట ఎప్పుడు తీర్చుకోవాలో ఆయన చేతిలో ఉంది. కాల్ సెంటర్‌లో పనిచేసే అమ్మాయికి విరామం ఎన్ని నిమిషాలో కంప్యూటర్ చెబుతుంది. ఇద్దరి స్వభావమూ ఒకటే అయినా ఒకరికి అది గట్టెక్కగల శ్రమ, మరొకరికి గట్టులేని శ్రమ. కనుక స్వభావంతో పాటు, పనిలో మనిషికి ఎంత స్వతంత్రం ఉందన్నదీ లెక్కలోకి రావాలి. ఏ స్వభావ పరీక్షా దాన్ని అడగదు, ఎందుకంటే అది మనిషిలో ఉండేది కాదు.

ఇదంతా కడుపు నిండిన బేరం అని ఒక ఆక్షేపణ ఉంది. దొరికిన పని చేసుకునే కోట్లమందికి స్వభావమేమిటి, నప్పడమేమిటి? ఇది బలమైన ఆక్షేపణే. కానీ దీన్ని ఒప్పుకుంటే పేదవాళ్లకు స్వభావం ఉండదని ఒప్పుకున్నట్టవుతుంది. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ మాటను నేరుగా పట్టుకున్నాడు. మనిషికి సహజంగా ఏ సామర్థ్యం ఉందో, దేనిమీద మనసుందో చూడకుండా, తల్లిదండ్రుల స్థాయిని బట్టి ముందే పని కేటాయించే వ్యవస్థ ఆర్థికంగా కూడా హానికరమని వాదించాడు. చేసే పని మీద మనసే లేని స్థితిని పేదరికం కంటే పెద్ద చెరుపుగా చూశాడు. ఎవరికి వాళ్లు పని ఎంచుకునే హక్కు విలాసమని ఆయన అనుకోలేదు. అదే సమయంలో, గుణాన్ని బట్టి పని అన్న మాట ఈ దేశంలో ఎలా వాడబడిందో గుర్తుంచుకుంటే 'నీ రకానికి ఈ పని' అని ఎవరు చెప్పినా కాస్త ఉలిక్కిపడాలి. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినవాడి గుణమే అదన్నారు. ఆడవాళ్లకు ఓర్పు సహజం కాబట్టి పంతులమ్మ, నర్సు ఉద్యోగాలు తగినవన్నారు. ఓర్పు సహజమైనప్పుడు దానికి జీతమెందుకని కూడా అనుకున్నట్టుంది, ఆ జీతాలు చూస్తే. పైనున్నవాళ్లు కిందివాళ్లకు స్వభావం నిర్ణయించడం మొదలుపెడితే అది సలహాగా ఉండదు.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే సూక్ష్మమైనది. మనుషులు మారతారు కదా, చేరితే అదే అలవాటవుతుంది కదా అంటారు పెద్దలు. అందులో నిజముంది. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరిశోధకులు దశాబ్దాలుగా వెంబడిస్తున్నారు. పద్దెనిమిదేళ్ల నుంచి ఇరవయ్యారేళ్ల మధ్య వాళ్ల ఉద్యోగానుభవాల్నీ స్వభావాల్నీ పోల్చి చూస్తే, పని మనుషుల్ని మార్చిన మాట నిజమేనని తేలింది. అయితే ఎక్కువగా మారింది ఏ దిశలో అంటే, మొదట ఏ గుణం వాళ్లను ఆ పనిలోకి తెచ్చిందో ఆ గుణమే ఇంకా గట్టిపడింది. ఇది పెద్దలు ఆశించిన మార్పు కాదు. పెత్తనం చేయాలనే మనిషి పెత్తనం దొరికే ఉద్యోగంలోకి వెళ్లి ఇంకాస్త పెత్తందారవుతాడు. కాబట్టి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు 'ఇది నాకు నప్పుతుందా' అన్నదానితో పాటు 'ఇది నన్ను ఇంకా దేనిగా చేస్తుంది' అనీ అడగాల్సి వస్తుంది. మొదటి ప్రశ్నకు 'బాగా నప్పుతుంది' అన్న జవాబే కొన్నిసార్లు భయపడాల్సిన జవాబు. అనుమానపు మనిషికి నిఘా ఉద్యోగం అద్భుతంగా నప్పుతుంది. ఆ ఇంట్లోవాళ్లను అడిగితే వేరే మాట చెప్పవచ్చు.

మన పిల్లలకు ఈ ప్రశ్నలు వేసుకునే సమయం ఎక్కడుంది అంటే, లేదు. పది పాసయ్యే పదిహేనేళ్ల వయసుకే ఎంపీసీయా బైపీసీయా తేలిపోవాలి. రెండేళ్ల తర్వాత ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకు బ్రాంచిని ఎంచుతుంది. పిల్లవాడు ఎంచుకున్నట్టు కనిపించేది వెబ్ ఆప్షన్ల పేజీలో వరుస క్రమం మాత్రమే. స్వభావ పరీక్షల వ్యాపారం చొరబడేది సరిగ్గా ఈ ఇరుకులోనే. వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లవాడి తెలివీ తగిన వృత్తీ చెబుతామంటూ తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు గుంజేవాళ్లూ ఉన్నారు. వేలి గీతలకూ వృత్తికీ ముడిపెట్టే శాస్త్రమేదీ లేదు. అంతకంటే ఉపయోగపడేది, ఖర్చులేనిది ఒకటుంది. ఆ పని చేస్తున్నవాళ్లను, పదవి పెద్దదైనవాళ్లను కాదు, చేరి మూడు నాలుగేళ్లయినవాళ్లను వెతికి పట్టుకుని, మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో అడగడం. ఎన్ని గంటలు మాటలతో, ఎన్ని గంటలు ఒంటరిగా? తప్పు జరిగితే ఎవరు అరుస్తారు? పనిని తమకు తోచినట్టు ఎంత మార్చుకోవచ్చు? ఇంటికి వచ్చాక పుస్తకమో ఆటో స్నేహితులో వాళ్లకు గుర్తొస్తారా, మంచమే గుర్తొస్తుందా? జవాబు చెప్పేవాళ్ల స్వభావం వేరు, అడిగేవాళ్ల స్వభావం వేరు అన్న అభ్యంతరానికి విరుగుడుగా ఒకరిని కాదు, నలుగురిని అడగవచ్చు. సెలవుల్లో రెండు నెలలు ఆ ఆఫీసులో కూర్చోగలిగితే ఇంకా మంచిది.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, నాలుగక్షరాల ఫలితం పట్టుకుని బయటికి దారి చూస్తున్నవాళ్లకు నేనైతే తొందరపడవద్దనే అంటాను. మానేయడానికి ముందు, రోజులో ఏ గంటలు తోడేస్తున్నాయో రాసి చూసుకుంటే చాలాసార్లు ఆ వృత్తి మొత్తం కాక, ఒక రకం మీటింగో, ఒక మనిషో, రాత్రి కాల్సో బయటపడతాయి. వాటిలో కొన్నిటిని బృందంలో వంతులవారీగా పంచుకోవచ్చు, కొన్నిటికి బదిలీ అడగవచ్చు, కొన్నిటికి నిజంగానే రాజీనామా తప్ప దారి ఉండదు. కొత్త చోట ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడుగుతారా' అంటారు. చాలామంది మొహమాటపడి ఏమీ లేదంటారు. నాకు ముందు ఈ పని ఎవరు చేశారు, ఎంతకాలం చేశారు, ఎందుకు మానేశారు అని అప్పుడు అడగవచ్చు. సూటిగా జవాబు రాకపోతే, వచ్చిన ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ పాత ఉద్యోగిని వెతికి ఒక ఫోన్ చేయడంలో తప్పేమీ లేదు.